వదినగారు సర్దిన వరస

ఆ ఆదివారానికి ఇల్లాలు పెట్టుకున్న పని ఒక్కటే, లైట్‌హౌస్ ఎక్కడం. ఉతకాల్సిన దుప్పట్లు, దులపాల్సిన బూజు, కడగాల్సిన కిటికీలు అన్నీ ముందురోజే ముగించింది. పిల్లలిద్దర్నీ పుట్టింటికి పంపేసింది. తెల్లవారకముందే టిఫిన్ డబ్బా కట్టి గడప దగ్గర పెట్టింది. ఇంటాయన లేచి చూసేసరికి డబ్బా, నీళ్ళ సీసా, గొడుగు, ఇల్లాలు నలుగురూ బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారు.

ఈ తొందర వెనక పెద్ద కథే ఉంది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ బస్సులో సముద్రం పక్కనుంచి వెళ్తుంటే, ఒడ్డుకి కాస్త దూరంగా చిన్న దీవి మీద సుద్దముక్క నిలబెట్టినట్టు తెల్లగా కనిపించింది లైట్‌హౌస్. "అబ్బ, పైకెక్కి చూస్తే ఎలా ఉంటుందో!" అంది కొత్త పెళ్ళికూతురు. "దానికేం భాగ్యం, వచ్చే ఆదివారం తీసుకెళ్తా" అన్నాడు కొత్త పెళ్ళికొడుకు. ఆ ఆదివారం వచ్చింది, వెళ్ళింది. దాని వెనకాల చాలా ఆదివారాలు వచ్చాయి. ఒకదానికి వాన అడ్డొచ్చింది, ఒకదానికి చుట్టాలు అడ్డొచ్చారు, మిగిలినవాటికి మధ్యాహ్నం నిద్ర అడ్డొచ్చింది. అప్పుడు చంకలో కూడా లేని పెద్దాడికి ఇప్పుడు నాన్న చొక్కాలు సరిపోతున్నాయి.

ఇంతలో పేపర్లో ఒక చిన్న వార్త పడింది. లైట్‌హౌస్‌లో పాత దీపం తీసేసి యంత్రం బిగిస్తున్నారట. సోమవారం నుంచి పైకి ఎవర్నీ ఎక్కనివ్వరట. ఇల్లాలు ఆ వార్త చదివి, పేపరు నాలుగు మడతలు పెట్టి, వార్త పైకి కనిపించేలా ఇంటాయన కాఫీ కప్పు కింద ఉంచింది. నోరు విప్పి ఒక్క మాట అనలేదు. భార్య ఏమీ అనకపోవడం ఎంత పెద్ద ప్రసంగమో పెళ్ళయిన ప్రతివాడికీ తెలుసు.

"ఈ ఆదివారం ఖాయం" అన్నాడు ఇంటాయన, కప్పు ఎత్తకుండానే.

ఆయన ఒక ఆఫీసులో పెద్ద గుమాస్తా. ఎవరేమడిగినా కాదనడు. ఒప్పుకున్నది చేయడు. ఈ రెండు గుణాలూ కలిసి ఆయనకి మంచివాడన్న పేరు తెచ్చిపెట్టాయి.

ఖాయమైన ఆదివారానికి ముందురోజు సాయంత్రం వదినగారు పెట్టెతో సహా దిగింది. ఆవిడ ఇంటాయనకి అక్క. జీవితమంతా ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా పనిచేసి ఈమధ్యనే రిటైరైంది. ఉద్యోగం ఆవిణ్ణి వదిలింది కానీ ఆవిడ ఉద్యోగాన్ని వదల్లేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు మంచాల కింద చూస్తుంది.

"నన్నొక్కదాన్నీ ఇంట్లో కూర్చోబెట్టి మీరిద్దరూ షికార్లు వెళ్తారా?" అంది.

"అయ్యో అక్కా, అదేం మాట! నువ్వు లేకుండా ఎలా?" అన్నాడు ఇంటాయన. ఆయన ఎవరినీ కాదనడని ముందే చెప్పుకున్నాం. ఇల్లాలు లోపలికెళ్ళి టిఫిన్ డబ్బాకి ఇంకో గిన్నె తగిలించింది.

బస్సు దిగేసరికి రోడ్డు అయిపోయింది. అక్కణ్ణించి అంతా ఇసకే. ఊరంతా కలిపి రెండు వీధులు. కాస్త మెట్టమీద ఉన్నది పై వీధి, నీళ్ళ దగ్గరున్నది కింది వీధి. ఇళ్ళ ముందు వలలు ఆరేసి ఉన్నాయి. తలుపు గొళ్ళేలన్నీ ఉప్పుగాలికి తుప్పు పట్టి, ముట్టుకుంటే చేతికి ఎర్రగా అంటుతున్నాయి. కింది వీధి చివర పడవలు ఆగే రేవు, రేవు పక్కన మోకాలెత్తు గోడ, గోడకి ఎదురుగా ఒక టీకొట్టు. వీటన్నిటికీ అవతల, నీళ్ళ మధ్యలో, లైట్‌హౌస్.

ఇల్లాలు దాన్ని చూసి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ బస్సు కిటికీలోంచి వేలెడంత కనిపించింది, ఇప్పుడు నిజంగా ఒక కట్టడంలా, తలుపూ కిటికీలతో ఉంది.

రేవులో పడవ నడిపే సరంగు తాడు చుట్టుకుంటున్నాడు. ఇంటాయన గొంతు సవరించుకున్నాడు.

"దీవికి పడవ వెళ్తుందా?"

"వెళ్తుంది సార్. ఐస్ లారీ రానివ్వండి. నా పెట్టె నింపుకుని, వెంటనే బయల్దేరదాం. నా వంతు మూడోది, ఎంతోసేపు పట్టదు."

"ముందు మమ్మల్ని దింపొచ్చి, తర్వాత నింపుకోకూడదూ?"

"వంతు పోతుంది సార్. రాత్రికి వేటకెళ్ళాలి. పెట్టెలో ఐస్ లేకుండా వెళ్తే, నాకంటే ముందు నా చేపల వాసన ఇంటికొస్తుంది."

"లారీ ఆలస్యమైతేనో?" అంది ఇల్లాలు.

సరంగు నీళ్ళవైపు చూశాడు. "ఇప్పుడు పోటుమీద ఉందమ్మా. ఆటు మొదలై నీళ్ళు తీసేస్తే మాత్రం పడవ కదలదు, నేలకి ఆనుకుంటుంది. మళ్ళీ సాయంత్రం పోటుకే. అప్పటికి దీపం ముట్టిస్తారు, తలుపేసేస్తారు. కానీ లారీ వచ్చేస్తుందిలెండి. రోజూ వస్తుంది."

అదీ సంగతి. లారీ వేళకి రావాలి, ఐస్ దిగాలి, నీళ్ళు తీయకముందే పడవ కదలాలి. అంతకుమించి ఇల్లాలు దేవుణ్ణి ఏమీ అడగలేదు.

"మీరిద్దరూ టీ తాగి రండి. నాకు ఆ కొట్టు గ్లాసులు చూస్తే తాగాలనిపించడం లేదు" అని వదినగారు గోడ దగ్గరే ఉండిపోయింది. సరంగు పెట్టె తేవడానికి ఇంటికెళ్ళాడు.

ఇక్కడ ఆ గోడ గురించి కాస్త చెప్పాలి. ఆ ఊళ్ళో ఐస్ కోసం ఎవరూ వరసలో నిలబడరు. వలలు బాగుచేసుకునేవాళ్ళకీ, పడవకి తారు పూసుకునేవాళ్ళకీ ఎండలో నిలబడే తీరికెక్కడిది? అందుకని మనిషి బదులు మనిషి వస్తువు నిలబడుతుంది. పొద్దున్నే ఎవరు ముందొస్తే వాళ్ళు గోడ పక్కన తమ వస్తువు పెట్టేసి పనికి పోతారు. ఒక ఒంటి చెప్పు, ఒక సొట్ట డబ్బా, ఒక ఇటుక, కాలు విరిగిన పీట, తాడు కట్టిన రాయి, ఇంకో ఒంటి చెప్పు, ఇంకో డబ్బా, ఇలా బారుగా. ఏది ఎవరిదో ఊరందరికీ తెలుసు. లారీ వచ్చాక ఎవరి వస్తువు దగ్గర వాళ్ళు నిలబడతారు. ముందున్నవాళ్ళకి దిమ్మలు, వెనకున్నవాళ్ళకి ముక్కలు, ఆఖరువాళ్ళకి చన్నీళ్ళు. పై వీధికీ కింది వీధికీ అన్నిట్లోనూ పేచీయే కానీ, ఈ వరస దగ్గర మాత్రం పక్కవాడి చెప్పుని వేలితో ముట్టినవాడు ఇంతవరకు లేడు.

వదినగారికి ఇదంతా ఎవరూ చెప్పలేదు. ఆవిడకి కనిపించింది ఒక గోడ, దాని పక్కన బారెడు చెత్త.

ముందు పట్టించుకోకుండా ఉందామనే అనుకుంది. సముద్రంవైపు తిరిగి కూర్చుంది. కానీ జత లేని చెప్పు ఒకటి వెనకనుంచి వీపుమీద గుచ్చుతున్నట్టే అనిపించింది. రెండు నిమిషాలు ఓర్చుకుని లేచింది. టీకొట్టు పక్కన చీపురు కనిపించింది.

ఆ తర్వాత పని చకచకా జరిగిపోయింది. డబ్బాలన్నీ ఒకదానిమీద ఒకటి గోపురంలా పేర్చింది. ఇటుకని పీట విరిగిన కాలికింద పెట్టి పీటని నిలబెట్టింది. రాయికున్న తాడు విప్పుకుని, గోడ పక్కన రాయికేం పనని దాన్ని సముద్రంలో పడేసింది. ఒంటి చెప్పుల్ని ఏరి జతలు కట్టింది. సరైన జతలు దొరకలేదు కాబట్టి దొరికినవాటితోనే సరిపెట్టింది. ఆ తొందరలో ఒక మగచెప్పుకి ఆడచెప్పుని జతచేసింది. హాస్టల్లో అలాంటిది జన్మలో జరగనివ్వని మనిషి! చెప్పులన్నీ మట్టికొట్టుకుని ఉండటంతో వాటిని తాడుకి గుచ్చి, కడుక్కురావడానికి రేవు మెట్లు దిగి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే లారీ హారను మోగింది.

రెండు వీధుల్లోంచీ జనం పెట్టెలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొచ్చారు. గోడ దగ్గరికొచ్చి ఆగిపోయారు. గోడ పక్కన నేల అద్దంలా మెరుస్తోంది.

"నా చెప్పేది?" అన్నాడు కింది వీధి బుర్రమీసాలాయన.

"నా డబ్బా అడుగున పడేసి దానిమీద ఈయన డబ్బా ఎక్కించింది ఎవరు?" అంది పై వీధి ఆవిడ.

"నా ఇటుకమీద పీటెక్కింది చూడండర్రా!"

చప్పుడు విని టీకొట్టులోంచి భార్యాభర్తలిద్దరూ బయటికొచ్చారు. ఇల్లాలు ఒక్క చూపు చూసింది. ఎత్తు ప్రకారం పేర్చిన డబ్బాలు, సొట్టలన్నీ గోడవైపుకి తిప్పి ఉన్నాయి. ఇంట్లో అటకమీద పోపుడబ్బాలు నిన్న రాత్రే సరిగ్గా ఈ తీరులోకి మారాయి. చెప్పేద్దామని నోరు తెరిచింది. ఇంటాయన మోచేత్తో పొడిచాడు.

"నువ్వూరుకో. నేను మాట్లాడతా" అని ముందుకి నడిచాడు. "ఏమైంది బాబూ? చెప్పులేనా? ఇంతోటిదానికి గొడవెందుకు? నేను కొత్త జత కొనిపెడతా."

"చెప్పు కొనిపెడతావు సరే, వంతు కొనిపెడతావా?" అన్నాడు బుర్రమీసాలాయన.

సరంగు చెవిలో సంగతి చెప్పాకగానీ ఇంటాయనకి పరిస్థితి అర్థం కాలేదు.

"మేం వచ్చేసరికే ఇలా ఉంది" అన్నాడు.

ఇది మొదటి అబద్ధం. అబద్ధానికి ఒంటరిగా ఉండటం చేతకాదు.

"మీరిక్కడే ఉన్నారుగా, ఎవర్నయినా చూశారా?"

"ఎవరో... ఒకాయన... వెళ్తున్నట్టు అనిపించింది."

"ఎటువైపు?"

ఇంటాయన చెయ్యి దానంతటదే లేచి పై వీధివైపు చూపించింది. పై వీధివాళ్ళు గుర్రుమన్నారు. చెయ్యి కంగారుపడి కింది వీధివైపు తిరిగింది. కింది వీధివాళ్ళు చొక్కా చేతులు పైకి మడిచారు. చెయ్యి ఇక ఎటూ పాలుపోక ఆకాశంవైపు చూపిస్తూ ఉండిపోయింది.

"మనిషి ఎలా ఉన్నాడు?"

"ఎలా అంటే..." ఇంటాయన చుట్టూ చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ మీసాలున్నాయి, అందరూ ఎండకి నల్లబడి ఉన్నారు. ఎవరి నెత్తిమీదా లేని వస్తువు ఒకటి చెబితే ఎవరికీ బాధ ఉండదని తోచింది. "టోపీ! టోపీ పెట్టుకున్నాడు!"

లారీ తలుపు తెరుచుకుంది. డ్రైవరు ఒళ్ళు విరుచుకుంటూ దిగాడు. నెత్తిమీద టోపీ ఉంది.

"ఏంటి, అందరూ నా కోసమేనా?" అని చిరునవ్వు నవ్వాడు. ఆ చిరునవ్వే కొంప ముంచింది.

"చేసిందంతా చేసి నవ్వుతున్నావా?"

"ఏం చేశాను?"

"మా చెప్పులెక్కడ పెట్టావు?"

"మీ చెప్పులు నాకెందుకయ్యా? అవి చూస్తే కుక్క కూడా ముట్టదు! కావాలంటే లారీ వెతుక్కోండి!"

ఈ చివరి మాట డ్రైవరు మాటవరసకన్నాడు. జనం అలా తీసుకోలేదు. నలుగురు లారీ ఎక్కారు. ఐస్ దిమ్మల మీద కప్పిన గోనెపట్టాలు లాగి అవతల పారేశారు. పట్టాల కిందున్న ఊక దోసిళ్ళతో తోడి ఇసకలోకి విసిరారు. నడినెత్తిన ఎండ. దిమ్మలకి ఒక్కసారిగా చెమటలు పట్టాయి. లారీ కింద సన్నగా ధార మొదలైంది.

"నన్ను దొంగని చేసి, సరుకు కూడా నాశనం చేస్తున్నారా! నేను పోతున్నా. మీరూ మీ చేపలూ ఏట్లోకి పొండి!" డ్రైవరు లారీ ఎక్కి ఇంజను తిప్పాడు. లారీలో నలుగురూ ఐస్‌మీద జారుకుంటూ అరిచారు.

లారీ కిందనుంచి కారుతున్న నీళ్ళలో తన లైట్‌హౌస్ కరిగిపోవడం ఇల్లాలు కళ్ళారా చూసింది. పెళ్ళయిన తర్వాత మొదటిసారి వీధిలో పరుగెత్తింది. లారీకి ఎదురుగా వెళ్ళి, గొడుగు అడ్డంపెట్టి నిలబడింది.

"ఆపండి! టోపీ ఆయనకేమీ తెలియదు! అసలు టోపీ ఆయనే లేడు!"

"ఏమోయ్!" అన్నాడు ఇంటాయన నీరసంగా.

"మరెవరు?" అన్నారు రెండు వీధులవాళ్ళూ ఒక్క గొంతుతో.

జవాబు రేవు మెట్లెక్కి వచ్చింది. తాడుకి గుచ్చిన చెప్పుల దండ భుజాన వేసుకుని, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, వదినగారు నీళ్ళోడుతూ వచ్చి నిలబడింది.

"టోపీ ఆయనెవడు? నడుం విరిగేలా ఊడ్చిందీ సర్దిందీ నేను! ఆఖరికి చెప్పులు కూడా కడుక్కొచ్చాను. పేరు మాత్రం ఎవడో టోపీవాడికా? ఒరేయ్ తమ్ముడూ, నువ్వు ఇక్కడే ఉండి కూడా చెప్పలేదేంరా?"

లారీ ఇంజను ఆగింది. ఎందుకంటే డ్రైవరుకి ఇది చూడాలనిపించింది.

"ఎవరూ థాంక్స్ చెప్పరా?" అంది వదినగారు.

ఎవరూ చెప్పలేదు. అందరూ ఒకేసారి ఇంకో మాట అన్నారు. "నా వంతే మొదటిది!" అన్నారు. ఊళ్ళో ఎన్ని పెట్టెలున్నాయో అన్ని మొదటి వంతులు లేచాయి.

"కమిటీని పిలవండి" అన్నారెవరో.

రేవు వ్యవహారాలు చూడటానికి ఒకప్పుడు ఒక కమిటీ వేశారు. మిగిలిన సభ్యులందరూ తగాదాలు పడి ఒక్కొక్కరే మానేయగా ఒక ముసలాయన మిగిలాడు. అప్పటినుంచీ ఆయన పేరే కమిటీ అయింది. కమిటీ టీకొట్టు వెనక బల్లమీద నిద్రపోతుంటే లేపి తీసుకొచ్చారు. కమిటీ గోడ చూశాడు, చెప్పుల దండ చూశాడు, వదినగారిని పైనుంచి కిందకి చూశాడు.

"అమ్మా, మీకు పై వీధిలో చుట్టాలున్నారా?"

"లేరు."

"కింది వీధిలో శత్రువులున్నారా?"

"ఇందాకటిదాకా లేరు."

"అయితే మీరే కట్టండి వరస. చెడగొట్టినవాళ్ళే సర్దాలి. మాలో ఎవరు కట్టినా తలకాయలు పగులుతాయి."

వదినగారి ముఖం విప్పారింది. "ఇన్నాళ్ళకి ఒక తెలివైన మగాణ్ణి చూశాను" అంటూ ఇటుక ఆసరాతో నిలబెట్టిన పీటమీద కూర్చుంది. "పెట్టెలన్నీ తెచ్చి ఇక్కడ పెట్టండి. మూతలు తీయండి. ఎవరి పెట్టె శుభ్రంగా ఉంటే వాళ్ళది ముందు. మాట్లాడినవాళ్ళది వెనక."

ఆ తర్వాత జరిగింది ఆ ఊళ్ళో ఇంకా చెప్పుకుంటున్నారు. తుఫానులో పడవ తిప్పుకొచ్చిన మనుషులు మూతలు తీసిన పెట్టెల వెనక చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు. వదినగారు ఒక్కో పెట్టెలో చూపుడువేలు పెట్టి రుద్ది, ఆ వేలు ఎండలో పెట్టి చూసింది.

"ఇది కడిగారా, తుడిచారా?"

"కడిగామండి."

"అబద్ధం. మళ్ళీ కడుక్కుని రా. నువ్వు, మీసాలాయనా, చేతులు వెనక్కెందుకు పెట్టావు? ఏవీ, గోళ్ళు చూపించు."

బుర్రమీసాలాయన గోళ్ళు చూపించాడు. అతని భార్య వెనకనుంచి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో తన వల్ల కాని పని ఎవరో నిమిషంలో చేస్తుంటే చూడటం ఒక సుఖం. జనం పెట్టెలు ఎత్తుకుని నీళ్ళకేసి పరుగెత్తడం, ఇసకేసి తోమడం, మళ్ళీ రావడం, మళ్ళీ వేలు. అవతల లారీ ధార లావవుతోంది. ఇల్లాలు ఒక కన్ను ధారమీద, ఒక కన్ను సముద్రంమీద పెట్టి నిలబడింది. రేవు మెట్లలో ఇందాక మునిగి ఉన్న మెట్టు ఒకటి బయటికొచ్చింది.

సరంగు పెట్టె వంతు వచ్చింది. వదినగారు వేలు పెట్టలేదు. ముక్కు మూసుకుంది.

"ఇందులో పోయిన నెల చేప ఇంకా ఉంది!"

"పోయిన నెలది కాదమ్మా, మొన్నటిది" అన్నాడు సరంగు పరువుగా.

"అన్నిటికంటే ఆఖరు."

ఇల్లాలు గబగబా వంగి చెవిలో అంది. "వదినగారూ, మనం వెళ్ళాల్సింది ఆయన పడవలోనేనండీ. నీళ్ళు తీసేస్తున్నాయి. కాస్త ముందుకి వెయ్యండి."

"సిఫార్సా? మా హాస్టల్లో సొంత మేనకోడలికే చెయ్యలేదమ్మాయ్ నేను."

"అక్కా..." అన్నాడు ఇంటాయన.

"నువ్వసలు నోరెత్తకు. ఊరందరికీ టోపీ పెట్టబోయినవాడివి!"

వరస ఖాయమైంది. ఎవరి వస్తువులు వాళ్ళు కొత్త చోట్లలో పెట్టుకున్నారు. కడిగిన చెప్పులు తళతళలాడుతున్నాయి. సరంగు మాత్రం చేతులు ఊపుకుంటూ నిలబడ్డాడు.

"నీ వస్తువేది?" అన్నాడు కమిటీ.

"నాది రాయి తాతా. ఈ అమ్మగారు సముద్రంలో వేశారట."

"గోడ పక్కన రాళ్ళేమిటి మరి?" అంది వదినగారు.

కమిటీ కాసేపు ఆలోచించాడు. పూర్వం కమిటీలో అందరూ ఉన్న రోజుల్లో కూడా ఇంత పెద్ద చిక్కు రాలేదు. చివరికి ఆయన కళ్ళు ఇంటాయనమీద ఆగాయి.

"ఈయన్ని పెట్టు."

"నన్నా? ఇంకో రాయి పెట్టుకోవచ్చుగా!"

"రాయిని ఎవరైనా తీసి పారేస్తారని ఇవాళ తేలిపోయిందిగా సార్" అన్నాడు సరంగు. "మనిషినైతే ఎత్తలేరు. ఒక్క సంగతి. వస్తువు కదిలితే వంతు పోతుంది. వంతు పోతే నాకు ఐస్ ఉండదు. నాకు ఐస్ లేకపోతే మీకు పడవ ఉండదు. అలా నిలబడి ఉండండి, నేను పెట్టె కడుక్కొస్తా."

ఇంటాయన గోడ చివర, ఒక ఆడచెప్పు పక్కన నిలబడ్డాడు.

ఐస్ దిగడం మొదలైంది. పెట్టె వెనక పెట్టె కదులుతున్నాయి కానీ సముద్రం అంతకంటే చురుగ్గా కదిలింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు, నాచుపట్టిన అడుగుమెట్టు. సరంగు పడవ ఒకసారి ఊగి, పక్కకి ఒరిగి, బురదలో గేదెలా కూర్చుండిపోయింది.

ఇల్లాలు టీకొట్టు బల్లమీద కూలబడింది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. వదినగారిమీద కోపం రాదు, ఆవిడ తీరే అంత. ఇంటాయన ఇవాళ నిజంగానే తీసుకొచ్చాడు, చివరిదాకా తీసుకొచ్చాడు. తీరా కళ్ళెదురుగా, నీళ్ళు లేక ప్రయాణం ఆగిపోయింది. రేపటినుంచి ఆ తలుపు తెరవరు. అంత ఎత్తున్నది చూస్తుండగానే మళ్ళీ సుద్దముక్క అయిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే గొడుగు కొస చూస్తున్నట్టు తల వంచుకుంది.

టీకొట్టు నడిపేది సరంగు భార్య. ఒక గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది.

"ఏంటక్కా, డీలాపడ్డావు?"

"నీళ్ళు తీసేశాయిగా. ఇంక దీవికి వెళ్ళలేనుగా."

"ఎందుకెళ్ళలేవు?"

"మీ ఆయనే చెప్పాడుగా, ఆటు వస్తే పడవ కదలదని."

"పడవ కదలదు. నిజమే" అంది ఆవిడ. "నీ కాళ్ళకేమైంది?"

ఇల్లాలు తల ఎత్తింది. రేవుకీ దీవికీ మధ్య ఇందాక నీళ్ళున్న చోట ఇసక తేలింది. తడిసి మెరుస్తూ, కొంచెం వంకరగా, దీవిదాకా పరుచుకుని ఉంది. బుట్టలు పట్టుకున్న ఆడవాళ్ళిద్దరు కబుర్లు చెప్పుకుంటూ దానిమీద నడిచి వస్తున్నారు.

"నడిచి వెళ్ళొచ్చా!"

"రోజూ వెళ్తాం, గవ్వలూ ఆల్చిప్పలూ ఏరుకోడానికి. మధ్యలో ఒకచోట చీలమండ దాకా నీళ్ళుంటాయి, అంతే."

"మరి మీ ఆయన ఒక్క ముక్క చెప్పలేదే!"

"పడవవాణ్ణి అడిగితే నడకదారి చెబుతాడా అక్కా?" అంది సరంగు భార్య. "మీ ఆయన పడవ ఉందా అనడిగాడు, మా ఆయన ఉందన్నాడు. మగాళ్ళు అంతకుమించి మాట్లాడుకోరు. బయల్దేరు. తిరిగి రావడానికి సాయంత్రం పోటుకి పడవ నేను పంపిస్తాగా."

ఇల్లాలు టీ ఒక్క గుక్కలో తాగేసి గోడ దగ్గరికి పరుగెత్తింది.

"ఏమండీ! నడిచే వెళ్ళొచ్చట!"

"నిజంగా? పద అయితే!" ఇంటాయన ఒక కాలు ఎత్తాడు.

"సార్! కాలు!" అని అరిచాడు సరంగు పెట్టె తోముతూనే. వరసంతా తిరిగి చూసింది. కమిటీ గొంతు సవరించుకున్నాడు. ముందున్న ఆసామీ ఇంటాయన పాదం ఎక్కడ దిగుతుందో చూద్దామని ఆశగా వంగాడు.

ఇంటాయన ఎత్తిన కాలు ఎత్తినచోటే జాగ్రత్తగా దింపాడు. ఒక్కక్షణం ఇల్లాలి ముఖంలోకి చూసి, అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు. "పోనీ వచ్చే ఆదివారం ఇద్దరం..."

మాట సగంలోనే ఆయనకే వినిపించింది. ఆగిపోయాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "నువ్వెళ్ళు. వేళ మించిపోతుంది."

ఇన్నేళ్ళలో ఆయన అన్న మాటల్లో ఇల్లాలికి బాగా నచ్చింది ఇదే. నీళ్ళ సీసా ఆయన చేతిలో పెట్టి, కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలోకి దిగింది.

ఇసక చల్లగా ఉంది. కాళ్ళకింద చిన్నచిన్న బుడగలు పగిలాయి. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ అడుగులే ఆవిడ వెంట వస్తున్నాయి. పక్కన ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ మంచినీళ్ళు అడగలేదు, తాళం వేశావా అని ఎవరూ అనలేదు. దీవి ఇంకా దగ్గరికి రాకపోయినా బాగుండుననిపించింది కాసేపు.

లైట్‌హౌస్ తలుపు దగ్గర కాపలాదారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఇవాళే ఆఖరమ్మా. ఒక్కరే వచ్చారా?"

"మా ఆయన కూడా వచ్చారు. వంతులో ఉన్నారు."

లోపల మెట్లు గుండ్రంగా తిరుగుతూ పైకి వెళ్ళాయి. గోడలో అక్కడక్కడా సన్నని కిటికీలు. ఒక్కో కిటికీలో సముద్రం కాస్త కిందకి జారింది. మోకాళ్ళు నొప్పెట్టాయి. మధ్యలో ఒకచోట ఆగి ఆయాసం తీర్చుకుని, తన వయసు గుర్తుచేసుకుని, మర్చిపోయి, మళ్ళీ ఎక్కింది. పైన తలుపు తోయగానే గాలి కొంగు లాక్కుని ఎగరేసింది.

అన్నివైపులా నీళ్ళే. అంత నీలం ఒకేచోట ఆవిడ ఎప్పుడూ చూడలేదు. కటకటాలు పట్టుకుని ఊరికే నిలబడింది. ఏం అనుకోవాలో ఇన్నేళ్ళుగా దాచుకున్నవన్నీ గాలికి ఎగిరిపోయాయి. కాసేపటికి గట్టిగా నవ్వింది. వినేవాళ్ళు లేరు కదా అని ఇంకోసారి నవ్వింది.

వెనకే ఎక్కివచ్చిన కాపలాదారు బైనాక్యులర్స్ ఇచ్చాడు. "మీవాళ్ళు ఒడ్డున ఉన్నారంటే చూసుకోండి."

ముందు అంతా మసక. తర్వాత ఊరు కళ్ళముందుకి వచ్చి నిలబడింది. ఇంత పైనుంచి చూస్తే పై వీధేదో కింది వీధేదో తెలియడం లేదు. లారీ పక్కన టోపీ ఒకటి నీడలో కూర్చుని టీ తాగుతోంది. టీకొట్టులో వదినగారు గ్లాసులన్నీ బయట పెట్టించి కడిగిస్తోంది. గోడ పక్కన వరస గీత గీసినట్టుంది. సరంగు పెట్టెకి ముందు ఇంకా చాలా పెట్టెలున్నాయి. అన్నిటికీ చివర, చేతిలో నీళ్ళ సీసాతో, ఇంటాయన.

ఇల్లాలు చెయ్యి పైకెత్తి ఊపింది. కొంగు తీసి జెండాలా ఊపింది. ఆయన తల ఎత్తి ఇటే చూశాడు. చూశాడని ఆవిడకి స్పష్టంగా తెలిసింది.

కానీ వంతులో పెట్టిన వస్తువు చెయ్యి ఊపితే కదిలినట్టు లెక్కేమోనని కాబోలు, ఊపలేదు.